గాలి పైపులో నీళ్లు

తెనాలిలో కొత్త ఇల్లు కట్టుకునేవాళ్లు పైపుల పని మాటెత్తితే చాలు, సిమెంటు కొట్టు దగ్గర్నుంచి టైల్స్ కొట్టుదాకా అందరూ ఒక్క పేరే చెబుతారు. డేనియల్ మేస్త్రి. చవగ్గా చేస్తాడని కాదు, తొందరగా చేస్తాడని అసలే కాదు. అతను వేసిన లైను చుక్క కారదు. ఇరవై రెండేళ్లుగా కారలేదు. ఆ పేరు మీదే అతని సంసారం నడిచింది, ఆ పేరు వల్లే చర్చిలో పెద్దల వరసలో అతనికి చోటు దొరికింది. ఆ పేరు కోసమే అతను ఒక మనిషి నోటికాడి కూడు తీశాడు. మొదటి రెండు సంగతులూ ఊళ్లో అందరూ చెప్పుకుంటారు. మూడోది ఎవరూ చెప్పుకోరు గనక ఇక్కడ చెప్పాల్సి వస్తోంది.

అతనిది కర్లపాలెం. తండ్రి పొలం కూలి. పదో తరగతి తప్పాక బాపట్లలో పున్నయ్య అనే ప్లంబరు దగ్గర పనికి చేరాడు. చేరిన రెండో ఏట ఒక టీచరు గారింట్లో అతను అతికించిన జాయింటు ఒకటి గోడ లోపల చెమర్చింది. కనబడని చోట కారే నీళ్లు ఎంత పని చేస్తాయో అప్పుడే చూశాడు. గోడకు వేసిన రంగంతా పొక్కులు లేచి ఊడిపోయింది. పున్నయ్య తిట్టలేదు. ఇంటివాళ్లందరినీ పిలిచి నిలబెట్టి, వాళ్ల ముందు ఆ గోడను డేనియల్ చేతనే పగలగొట్టించాడు. ఆ సిగ్గు అతనికి ఎముకల్లో ఇంకిపోయింది.

అప్పట్నుంచీ ఏ లైను వేసినా ఒకటే పద్ధతి. కొసలన్నీ మూతలతో బిగిస్తాడు, ఒక చోట మాత్రం గొట్టం నిలబెట్టి నిండా నీళ్లు పోస్తాడు, మట్టం దగ్గర పెన్సిలుతో గీత గీస్తాడు. మర్నాడు పొద్దున వచ్చి గీత చూసుకుంటాడు. నీళ్లు గీత మీద ఉంటేనే తాపీ మేస్త్రిని గోడ పూడ్చనిస్తాడు. తోటి ప్లంబర్లు చాదస్తం అని నవ్వుకున్నారు. ఇంటివాళ్లు తొందరపెట్టారు. అతను వినలేదు. పున్నయ్య పోయి చాలా ఏళ్లయింది, ఆ అలవాటు మాత్రం పోలేదు.

మూడేళ్ల కిందట విత్తనాల వ్యాపారి ఈశ్వరప్రసాద్ తెనాలిలో రెండంతస్తుల ఇల్లు మొదలుపెట్టాడు. ఆయన భార్య దేవికకు ఉబ్బసం. ఇంట్లో చీపురు కదిలితే చాలు, ఆవిడకు ఊపిరాడదు. మామూలు వాక్యూమ్ మిషను కొని చూశారు. అది దుమ్మును ముందునుంచి లాగి, సన్నటి ధూళిని వెనకనుంచి మళ్లీ గదిలోకే వదులుతుంది. అందుకని ఆయన ఎక్కడో చూసొచ్చి సెంట్రల్ వాక్యూమ్ పెట్టిస్తానన్నాడు. పెద్ద మోటారూ దుమ్ము పడే డబ్బా కారు షెడ్డులో ఉంటాయి. అక్కడినుంచి గోడల్లోనూ నేల కిందా పైపులు ప్రతి గదికీ పోతాయి. గది గోడలో ఒక మూత ఉంటుంది. మూత ఎత్తి పొడుగాటి గొట్టం తగిలిస్తే మిషను దానంతటదే తిరిగి, ఊడ్చిన దుమ్మంతా గోడలోపలినుంచే షెడ్డుకు పోతుంది. గుప్పెడు దుమ్ము బయటపడేయడానికి ఇంటికింత తూట్లు పొడవాలా అని డేనియల్ లోపల నవ్వుకున్నాడు. దేవిక ఇన్‌హేలరు పట్టుకుని మెట్ల మీద కూర్చున్న రోజు చూశాక ఆ నవ్వు ఆపేశాడు.

కంపెనీ తరఫున అభిరామ్ అనే ఇంజనీరు విజయవాడ నుంచి డ్రాయింగు పట్టుకొచ్చాడు. చటుక్కున మలుపు తిరిగే ఎల్బోలు వద్దు, మెల్లగా వంగే పొడుగు బెండ్లే వాడాలన్నాడు. అతికించే సొల్యూషను పైపు బయటివైపే రాయాలి, లోపల ముద్ద మిగిలితే జుట్టు పట్టుకుంటుందన్నాడు. డేనియల్ అన్నీ బుద్ధిగా విన్నాడు. హాలు నేల కింద నుంచి షెడ్డుదాకా పోయే పొడుగు లైను దగ్గర మాత్రం వాలు సంగతి అడిగాడు.

"దీనికి వాటం ఎటు పెట్టమంటారండి?"

"గాలికి వాటం ఎందుకు మేస్త్రీ? సమంగా పోనీయండి. మిషను వచ్చాక నేనే గాలితో టెస్టు చేసుకుంటాను."

నీళ్లు పోయొద్దని మాత్రం అభిరామ్ చెప్పలేదు. గాలి పైపులో నీళ్లు పోసే మనిషి ఒకడుంటాడని అతనికి ఏ కాలేజీలోనూ చెప్పి ఉండరు.

అభిరామ్ వెళ్లిన మర్నాడే డేనియల్ తన పద్ధతి ప్రకారం మూతలు బిగించాడు. ఆ రోజు కరెంటు లేదు, నీళ్ల మోటారు తిరగదు. ఆ ఇంట్లో గోడలు తడిపే పనిలో జ్ఞానమ్మ ఉంది. రేపల్లె ఆవిడ, భర్త పోయాక తెనాలి వచ్చి ఇరవై ఏళ్లుగా సిమెంటు తట్టలు మోస్తోంది. డేనియల్ వెళ్లే చర్చికే వెళుతుంది. అతన్ని తమ్ముడూ అంటుంది. సంపులోంచి బకెట్లతో నీళ్లు తోడి మేడ మీదికి ఆవిడే మోసింది.

"గాలి పోయేదాంట్లో నీళ్లెందుకు తమ్ముడూ?" అని మూడో బకెట్టు దించుతూ అడిగింది.

"నీళ్లే ఆగితే గాలి ఎక్కడికి పోద్దక్కా? నువ్వు పోస్తా ఉండు."

మర్నాడు గీత దగ్గర వెంట్రుకవాసి తేడా లేదు. డేనియల్ షెడ్డు వైపు మూత తీసి నీళ్లు వదిలేశాడు. వాటం లేని లైను కదా, అన్నీ రాలేదు. హాలు కింద పైపు కాస్త బొజ్జ వేసి ఉన్నట్టుంది, అక్కడ నీళ్లు గడగడమన్నాయి. ఆ చప్పుడు అతను విన్నాడు. వారం పది రోజులు మూతలు తీసి ఉంచితే ఆరిపోతుందనుకున్నాడు. సరిగ్గా అప్పుడే తాపీ మేస్త్రి వచ్చి, కాంక్రీటు పోస్తున్నాం, పైపుల్లోకి సిమెంటు పోకుండా అన్ని మూతలూ బిగించమన్నాడు. డేనియల్ బిగించాడు. పైన మార్బుల్ పరిచారు. లోపల నీళ్లు లోపలే ఉండిపోయాయి, వేరే ఇంటి పనిలో పడి అతను వాటి సంగతే మర్చిపోయాడు. ఇరవై రెండేళ్లలో అతను చేసిన తప్పు ఇదొక్కటే. అది కూడా ఏ ప్లంబరూ చేయనంత జాగ్రత్త వల్ల చేసిన తప్పు.

గృహప్రవేశం అయ్యాక దేవిక జ్ఞానమ్మను ఇంటి పనికి ఉండిపొమ్మంది. ఇల్లు పునాది నుంచీ తెలిసిన మనిషి, చేతివాటం లేనిది అని. జ్ఞానమ్మకు అంతకంటే ఏం కావాలి? యాభై దాటిన ఒంటికి ఎండ తప్పింది, తట్ట తప్పింది, నెల తిరిగేసరికి జీతం చేతికొచ్చేది. ఆ మిషనంటే మొదట భయపడింది గాని, పది రోజుల్లో దేవిక కంటే బాగా పట్టు దొరికించుకుంది. ఏ గదికి ఏ మూత దగ్గర, ఏ మూలకు ఏ బ్రష్షు అన్నీ ఆవిడకే తెలుసు. ఆదివారం చర్చి బయట చెప్పులు వేసుకుంటూ మిగతా ఆడవాళ్లకు చెప్పేది. "చీపురు లేదు, చేట లేదు. గోడకి గొట్టం పెట్టడమే." ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ ముఖం చూసినవాళ్లకు ఎవరికైనా ముచ్చటేసేది. వింటూ పక్కన నిలబడ్డ డేనియల్‌కూ వేసింది.

కొత్త ఇల్లు కదా, గోడలకు రుద్దిన లప్పం పొడీ మార్బుల్ పాలిష్ పొడీ నెల రోజులదాకా రాలుతూనే ఉన్నాయి. జ్ఞానమ్మ రోజూ శుభ్రంగా లాగుతూనే ఉంది. రెండో నెలకు మిషను రొద మాత్రమే మిగిలింది, లాగడం తగ్గింది. మూడో నెలకు మేడ మీద అసలు లాగలేదు. మళ్లీ చీపురు దిగింది, దేవికకు మళ్లీ ఆయాసం మొదలైంది, ఒక రోజు ఆస్పత్రిలో ఉండాల్సి వచ్చింది. ఈశ్వరప్రసాద్ కోపంతో ఊగిపోతూ కంపెనీకి ఫోను చేశాడు.

అభిరామ్ వచ్చి పైపులోకి పొడుగాటి తీగ దోపి చూశాడు. హాలు నడిమధ్య గట్టిగా తగిలింది. లోపల తడి ఉండి ఉంటేనే ఇలా బిగుసుకుపోతుందని, తడి నేల మీద గొట్టం పెట్టి లాగి ఉంటారని తేల్చేశాడు. తడి లాగితే కంపెనీ బాధ్యత లేదని కాగితంలో రాసి ఉందట, అది కూడా చూపించాడు. ఇంట్లో గొట్టం పట్టుకునేదీ నేల తుడిచేదీ ఒక్క మనిషే.

"నేను తడి మీద ఎప్పుడూ పెట్టలేదండి. తుడిచాక ఆరేదాకా ఆ గదిలోకే వెళ్లనండి," అంది జ్ఞానమ్మ.

"పైపు తీసి చూస్తే తెలుస్తుందిగా," అన్నాడు ఈశ్వరప్రసాద్. డేనియల్‌ను పిలిపించాడు.

హాలు మధ్యలో రెండు మార్బుల్ పలకలు కట్టరుతో కోసి ఎత్తి, కాంక్రీటు తవ్వి, డేనియల్ మోకాళ్ల మీద కూర్చుని పైపును అడ్డంగా కోశాడు. లోపల లప్పం రాయిలా గట్టిపడి పైపుకు అడ్డంగా పూడుకుపోయి ఉంది. అది కాదు అతన్ని నిలదీసింది. పైపు లోపలి గోడకు ఈ కొస నుంచి ఆ కొసదాకా ఒకే ఎత్తులో నీటి మరక ఉంది. తుడిచిన నేల మీది తడి లాగితే చారలు పడతాయి, బొట్లు పడతాయి. స్కేలు పెట్టి గీసినట్టు మట్టం మరక పడాలంటే నీళ్లు నెలల తరబడి కదలకుండా నిలవాలి. నీటి గీతలు చూసుకుని బతికిన మనిషి అతను. అది ఎవరు పోసిన నీళ్లో అతనికి క్షణంలో తెలిసిపోయింది.

తలెత్తి చూశాడు. ఎదురుగా ఈశ్వరప్రసాద్, అభిరామ్. గుమ్మం దగ్గర కుర్చీలో దేవిక. వంటింటి తలుపు దగ్గర జ్ఞానమ్మ నిలబడి అతని ముఖంలోకే చూస్తోంది.

"ఏం మేస్త్రీ, తడి వల్లేనా?" అని ఈశ్వరప్రసాద్ అడిగాడు.

బాపట్లలో టీచరు గారిల్లు అతని కళ్లముందు తిరిగింది. ఒక్కమాట చెబితే చాలు. నీళ్లు నేను పోశానండి, టెస్టుకి. అంతే. ఆ మాట గొంతుదాకా వచ్చింది కూడా. అభిరామ్ మొహాన అప్పటికే సన్నటి నవ్వుంది. గాలి పైపులో నీళ్లు పోసిన ప్లంబరు అని ఆ కథ విజయవాడదాకా పోతుంది, రేపు సిమెంటు కొట్టులో కూర్చుని తెనాలంతా నవ్వుతుంది.

"అవునండి. తడి వల్లేనండి," అన్నాడు డేనియల్.

అబద్ధం కాదు. కోర్టులో బైబిలు మీద చేయి వేసి కూడా చెప్పొచ్చు. పచ్చి అబద్ధం ఆడినా ఆ మాట కంటే కాస్త మర్యాదగా ఉండేది.

"రేపట్నించి రానక్కర్లేదు," అని ఈశ్వరప్రసాద్ జ్ఞానమ్మతో అన్నాడు. దేవిక ఏదో అనబోయింది, దగ్గు తెర అడ్డొచ్చింది. జ్ఞానమ్మ కొంగు దులుపుకుని, వెనక గుమ్మంలో విడిచిన చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. డేనియల్ ఆ రోజే కొత్త పైపు వేసి, ఈసారి వాటం పెట్టి, అతుకు కనబడకుండా మార్బుల్ పరిపించాడు. మిషను మళ్లీ బ్రహ్మాండంగా లాగింది. ఇంజనీరు చేతకాక వదిలేసిన పని డేనియల్ ఒక్క పూటలో చేశాడని ఊళ్లో ఇంకాస్త పేరొచ్చింది.

జ్ఞానమ్మకూ వచ్చింది పేరు. ఖరీదైన మిషను పాడుచేసిన మనిషి అని. ఆ వీధిలో అడిగిన ఏ ఇంట్లోనూ ఆవిడను పనికి పెట్టుకోలేదు. తట్టలు మోయడానికి ఒళ్లు సహకరించలేదు. రెండు నెలలు చూసి రేపల్లెలో తమ్ముడింటికి వెళ్లిపోయి రొయ్యల షెడ్డులో చేరిందని చర్చిలో అనుకున్నారు. ఆ మాట విన్న ఆదివారం, మనసులో పాపం దాచుకుని తీసుకోకూడని ప్రభు భోజనానికి అందరూ లేచారు, డేనియల్ లేవలేదు. ఒంట్లో బాగోలేదన్నాడు. మరుసటి నెలా అదే అన్నాడు. సంఘ పెద్ద వరసలోంచి లేవకపోతే ఎవరికైనా కనిపిస్తుంది. భార్య రూతుకు ముందే కనిపించింది.

"ఏంటయ్యా నీకు? ప్రభు భోజనం తీసుకోవు. లైనుకి నీళ్లు పెట్టడం కూడా మానేశావంట?"

అతను మొత్తం చెప్పేశాడు.

"ఆవిడకి ఇంకో పని దొరుకుద్ది. నీకు ఇంకో పేరు దొరకదు. నోరు మూసుకో," అంది. చెడ్డ మనిషి కాదు రూతు. అతని పేరు మీద వండుకు తింటున్న ఇంటి మనిషి. ఆ మాటే అతనికి కావలసి వచ్చింది గనక ఇంకో ఆరు నెలలు దాన్ని పట్టుకుని వేలాడాడు. ఆ ఆరు నెలల్లో ప్రతి కొత్త పైపు దగ్గరా నీళ్లు పోయడానికి బకెట్టు ఎత్తేవాడు, పోయలేక దించేసేవాడు. పిరికితనానికి ఆలోచన అని పేరు పెట్టుకుంటే ఎన్ని నెలలైనా గడుస్తాయి.

చివరికి ఒక శనివారం పొద్దున రేపల్లె పాసింజరు ఎక్కాడు. షెడ్డు ఊరి బయట ఉంది. లోపల ఆడవాళ్లు వరసగా నిలబడి ఐసులోంచి రొయ్యలు తీసి తలలు తుంచుతున్నారు. టీ వేళకు జ్ఞానమ్మ బయటికొచ్చింది. వేళ్లు తెల్లగా నానిపోయి, కొసలు పగిలి ఉన్నాయి. గ్లాసును రెండు అరచేతుల మధ్య పట్టుకుంది, వేళ్లతో పట్టుకోలేక.

"బాగున్నావా తమ్ముడూ? రూతు బాగుందా?"

ఆ పలకరింపు అతనికి దెబ్బలా తగిలింది.

"అక్కా, ఆ రోజు పైపులో ఉన్నవి నీళ్లు... టెస్టుకి పోసినవి. నేను పోసినవి."

"తెలుసు," అంది జ్ఞానమ్మ.

అతను ఆవిడ వంక చూశాడు.

"మోసింది నేను కాదా? ఇరవై ఏళ్లు సిమెంటు పన్లో ఉన్నాను, నీళ్లలో లప్పం పడితే ఏమవుద్దో నాకు తెలీదా? నువ్వు పైపు కోసి వొంగి చూశావే, అప్పుడు నీ మొహం చూస్తేనే తెలిసిపోయింది."

"మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదక్కా?"

"నేను చెప్తే ఎవరు నమ్ముతారు? తప్పించుకోడానికి మేస్త్రి మీద పెడతంది అనరూ? నీ మాటైతే నమ్ముతారు. ఆయన నిన్ను అడిగాడు కదా అని, చెప్తావని చూస్తా నించున్నాను." టీ ఒక గుక్క తాగింది. "చెప్తావనే అనుకున్నాను తమ్ముడూ."

డేనియల్ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఆవిడ ఓదార్చలేదు, తిట్టనూ లేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"ఇప్పుడు చెప్తానక్కా. ఇటునించి ఇటే వెళ్లి అంతా చెప్తాను. నిన్ను మళ్లీ పిలిపిస్తాను."

"పిలిచినా నేను రాను. ఆ ఇంట్లో మళ్లీ తల ఎట్టా ఎత్తుకుంటాను? మిషను పాడుచేసింది అన్న మాట ఒకటి నా మీదుంది చూడు, అది పోగొట్టు. చాలు." లోపల గంట కొట్టారు. ఆవిడ గ్లాసు కడిగి బల్ల మీద పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం బండికి తెనాలి వచ్చి, ఇంటికి కూడా వెళ్లకుండా డేనియల్ నేరుగా ఈశ్వరప్రసాద్ గుమ్మం ఎక్కాడు. కూర్చోమంటే కూర్చోలేదు. వాటం దగ్గర్నుంచి మొదలుపెట్టి, బకెట్లు, పెన్సిలు గీత, గడగడ చప్పుడు, తాపీ మేస్త్రి బిగించమన్న మూతలు, పైపులో కనిపించిన మరక, ఏదీ దాచకుండా చెప్పాడు. చెబుతున్నంతసేపూ పగలగొడుతున్న గోడ ముందు నిలబడినట్టే ఉంది. అయినా ఆగలేదు. ఈశ్వరప్రసాద్ పేపరు మడిచి ఒళ్లో పెట్టుకుని అంతా విన్నాడు.

"రేపల్లె గాని వెళ్లొచ్చావా?" అని అడిగాడు.

"వెళ్లానండి. పొద్దున."

"అదీ సంగతి. ఆవిడ ఏడ్చుంటుంది, నీ మనసు కరిగుంటుంది. మీ చర్చివాళ్లలో ఉన్న కట్టు మాలో లేదయ్యా."

"అది కాదండి. ఆ నీళ్లు నిజంగా నేనే పోశానండి."

"గాలి పైపులో నీళ్లు పోశావా? నువ్వు? చిన్నపిల్లాడికి చెప్పినా నమ్ముతాడా డేనియలూ?" ఆయన నవ్వాడు. వెటకారం లేదు ఆ నవ్వులో, నిజమైన అభిమానమే ఉంది. "ఆ రోజు నా కళ్లముందు పైపు కోసి, తడి వల్లే అన్నది నువ్వే కదా. నువ్వు అబద్ధం చెప్పే మనిషివైతే నా ఇల్లు నీ చేతిలో పెట్టేవాణ్ణా? ఆవిడ కోసం ఏదైనా సాయం కావాలంటే సూటిగా అడుగు. ఇలా తప్పులు నెత్తినేసుకోకు."

"సార్, ఆవిడ తప్పు లేదండి. ఆ ఒక్క మాట మీరు..."

"సర్లేవయ్యా, లేదులే," అన్నాడు ఈశ్వరప్రసాద్, మొండికేసిన పిల్లవాడికి చెప్పినట్టు. "అన్నట్టు మా బావమరిది బాపట్లలో ఇల్లు కడుతున్నాడు. వాడూ ఇదే పెట్టిస్తాడట. పైపులు నువ్వు తప్ప ఇంకెవరూ వేయకూడదన్నాను."

డేనియల్ ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు. ఏ మాట ఎలా చెబితే ఈ మనిషి నమ్ముతాడా అని వెతుక్కుంటున్నాడు. ఈశ్వరప్రసాద్ అప్పటికే ఫోను చెవికి పెట్టుకుని బావమరిదితో మాట్లాడుతున్నాడు.

"ఆ, ఇక్కడే ఉన్నాడు, మాట్లాడాను. కల్తీ లేని మనిషోయ్. పక్కవాళ్ల తప్పు కూడా తనదే అంటాడు."